రెండు సూదుల సంసారం

మా అబ్బాయికి టర్న్‌టేబుల్ కావాలిట. నాకు రికార్డు ప్లేయరు కావాలి. రెండూ ఒకటేనని తెలియడానికి మాకు పది రోజులు పట్టింది. ఒకటి కావని తెలియడానికి మరో రెండు నెలలు. ఈ మధ్యలో ఇంట్లో జరిగిన వాదోపవాదాలు రాస్తే ఓ నవలవుతుంది కానీ, నవలలో అయితే చివరికి ఎవరో ఒకరు గెలవాలి కదా! అంచేత ఇలా వ్యాసంగానే రాస్తున్నాను.

వాడు ఇంజనీరింగు మూడో ఏడు. చదువు సంగతి అలా ఉంచండి. సెలవు దొరికితే చాలు, పెళ్ళి రిసెప్షన్లకీ, అనంతగిరి కొండల దగ్గర రిసార్టుల్లో పుట్టినరోజు పార్టీలకీ పాటలు కలపడానికి పోతాడు. డీజే అంటారు. మా వికారాబాదులో డీజే అంటే మామూలుగా అర్థం వేరు. చిన్న లారీ మీద మనిషెత్తు స్పీకర్లు పేర్చి, వినాయకుడి వెనకాల కిటికీ అద్దాలు వణికించుకుంటూ వెళ్ళే బండి అది. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు ఊరేగింపుల్లో డీజేలు వద్దని ఉత్తర్వు ఇచ్చింది ఆ బండ్ల గురించే. "అది డీజే కాదమ్మా, ఒట్టి చప్పుడు" అంటాడు వీడు. ఒక పాట తాళంలోంచి ఇంకో పాట తాళంలోకి, ఆడేవాళ్ళ కాలు తడబడకుండా తీసుకెళ్ళడమే అసలు డీజే పనిట. ఇన్నాళ్ళూ ఆ పని లాప్‌టాప్ మీదా, ప్లాస్టిక్ పళ్ళేలున్న ఓ పెట్టె మీదా చేశాడు. ఇప్పుడు చేతి కింద నిజమైన రికార్డు తిరగాలని కోరిక పుట్టింది.

ఇక నా కోరిక. మా పుట్టిల్లు తాండూరు. నాన్న ఒక నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాసేవారు. ఆయన పోయి రెండేళ్ళయింది. పోతూ పోతూ ఆయన మిగిల్చినవాటిలో ఎవరికీ పట్టనిది ఒక ఇనప ట్రంకు పెట్టె. అందులో అరవై రెండు ఎల్పీ రికార్డులు. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, శంకరాభరణం పాటలు, 1974 ఫిబ్రవరిలో ఘంటసాల గారు కన్నుమూశాక విడుదలైన భగవద్గీత. హైదరాబాదులో ఉన్న తమ్ముడు, "ఇప్పుడు వీటికి మోజు పెరిగిందక్కా, అమ్మేస్తే మంచి ధర వస్తది" అన్నాడు. అమ్మ మాత్రం, "గా పెట్టె ఇంకెన్ని దినాలు ఈడ ఉంచుతవ్ బిడ్డా, తీస్కపో" అంది. తీసుకొచ్చాను. తీరా చూస్తే వాటిని వినిపించే పాత ఫియెస్టా ప్లేయరు మోటారు బిగుసుకుపోయింది.

నా దగ్గర ఉన్నది నవల మీద వచ్చిన కొద్దిపాటి డబ్బు. అడిగేవాళ్ళం ఇద్దరం. మా వారు పేపరు మడిచి తీర్పు చెప్పారు: "ఒకటే కొనండి, ఇద్దరికీ సరిపోయేది."

నాకు ఈ మాటంటే హడలు. ఇంటిల్లిపాదికీ సరిపోయే కూర అంటే నాకిష్టమైన కాకరకాయ కాదని అర్థం. అందరికీ సరిపోయే సినిమా అంటే నేను చూడాలనుకున్నది కాదని అర్థం. పాతికేళ్ళ సంసారంలో 'నాకేదైనా ఫర్వాలేదులే' అని ఎన్నిసార్లన్నానో లెక్కపెడితే, ఆ ఫర్వాలేనివన్నీ కలిపి ఇంకో ఇల్లు కట్టొచ్చు. నేను బి.ఏ.లో తర్కశాస్త్రం చదువుకున్నదాన్నే. అయినా సరిపోవడానికీ సరిపెట్టుకోవడానికీ ఉన్న తేడా ఆ పుస్తకంలో లేదు. ఈసారి మాత్రం పట్టుపట్టి అడిగాను. ఒక వస్తువు నిజంగా ఇద్దరికీ సరిపోతుందా? లేక ఒకరికి సరిపోయి రెండోవాళ్ళు సరిపెట్టుకుంటారా?

అబ్బాయి దగ్గర కూచుని పాఠం చెప్పించుకున్నాను. మీక్కూడా చెప్తాను, రేపు మీ ఇంట్లోనూ ఈ తగువు రావచ్చు.

ప్లేయర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో మోటారు ఓ మూలన ఉంటుంది. రబ్బరు బెల్టు పళ్ళేన్ని తిప్పుతుంది, మన కుట్టు మిషను లాగా. మోటారు వణుకు ఆ బెల్టు దగ్గరే ఆగిపోతుంది కనుక, నిశ్శబ్దంగా కూచుని వినేవాళ్ళు ఇదంటే ప్రాణం పెడతారు. రెండోదాంట్లో బెల్టు లేదు. మోటారు సరిగ్గా పళ్ళెం కిందే ఉండి నేరుగా తిప్పుతుంది. డీజేలకి ఇదే కావాలి. వాళ్ళు రికార్డుని వేళ్ళతో ఆపుతారు, వెనక్కి లాగుతారు, ముందుకి తోస్తారు. అంత చేసినా కింద పళ్ళెం మాత్రం తన మానాన తాను తిరుగుతూనే ఉండాలి. మధ్యలో నున్నటి ఫెల్టు గుడ్డ వేస్తారు కాబట్టి పైన రికార్డు ఆగినా కింద పళ్ళెం ఆగదు. బెల్టు మిషనుతో ఈ పని చేస్తే బెల్టు జారుతుంది, పళ్ళెం కుంటుతుంది, మళ్ళీ వేగం అందుకోవడానికి ఆయాసపడుతుంది. పైన ఎవరు ఎంత లాగినా తోసినా కింద ఆగకుండా తిరిగే ఆ మోటారు గురించి వింటుంటే నాకెవరు గుర్తొచ్చారో మీకు చెప్పక్కర్లేదు.

ఇంకో వింత ఏమిటంటే వాడు వాడే రికార్డులో పాటే ఉండదు! చెవి పెట్టి వింటే కీచుమని ఒక ఈల లాంటి శబ్దం వస్తుంది, అంతే. పాటలన్నీ లాప్‌టాప్‌లో ఉంటాయి. రికార్డు ఎంత వేగంగా, ఏ వైపు తిరుగుతోందో, సూది ఎక్కడుందో ఆ ఈలని బట్టి కంప్యూటరు కనిపెట్టి, పాటని అలాగే నడిపిస్తుంది. అంటే ఆ రికార్డు పాట కాదు, పాటకి స్టీరింగు. మామూలుగా ఇలాంటివి రెండు కావాలిట. రెండో పాట లాప్‌టాప్‌లోంచే వేసుకుంటానని వాడు ఒక మెట్టు దిగాడు. అది వాడి సర్దుబాటు. రాసిపెట్టుకున్నాను, మున్ముందు పనికొస్తుంది.

అయితే నేరుగా తిరిగే మోటారు మీద నా సుప్రభాతం వింటే పాడైపోతుందా? ఇక్కడే నాకో ముచ్చట తెలిసింది. మనం పానసోనిక్ అని పిలుచుకునే జపాను కంపెనీ 1972లో టెక్నిక్స్ పేరు మీద ఎస్.ఎల్.-1200 అనే ప్లేయరు తెచ్చింది. ఇంట్లో కూచుని వినేవాళ్ళ కోసమే తెచ్చింది. దాని మోటారు బలం చూసి డీజేలు ఎగరేసుకుపోయారు. అది గమనించి 1979లో వచ్చిన రెండో రకానికి వేగం మార్చుకునే జారుడు మీట పెట్టి, అదురు తట్టుకునేలా పీటని బరువు చేశారు. లోకంలో ఉన్న డాన్సు హాళ్ళన్నీ తిరిగి, 2010లో తయారీ ఆగిపోయి, 2016లో మళ్ళీ మొదలైనప్పుడు అది చక్కగా ఇళ్ళల్లో వినేవాళ్ళ దగ్గరికే ముస్తాబై వచ్చింది. ఇంట్లో పుట్టి, వీధిలో పేరు తెచ్చుకుని, తిరిగి ఇంటికి చేరింది. కాబట్టి మోటారు దగ్గర మాకు పేచీ లేదు.

పేచీ వచ్చింది సూది దగ్గర. ఇంట్లో వినేవాళ్ళ సూది మొన కోడిగుడ్డు కొనలా కోలగా ఉంటుంది. గాడి గోడల్లో చెక్కిన సన్నసన్నటి వంపుల్లోకి దూరి గమకాన్ని వెతికి తెస్తుంది. రెండు గ్రాముల బరువు దాని మీద మోపితే చాలు. డీజే సూది మొన గుండ్రంగా, మొండిగా ఉంటుంది. వెనక్కీ ముందుకీ లాగినా గాడి తప్పకూడదు కదా, అంచేత మూడూ నాలుగూ గ్రాముల బరువు పెట్టి అదిమి ఉంచుతారు. నా సూది మీద వాడు చెయ్యి వేస్తే సూది పోతుంది. వాడి సూదితో నేను వింటే గమకం పోతుంది, రికార్డు అరుగుతుంది. ఇక్కడ మధ్యేమార్గం లేదు. మూడు గ్రాముల దగ్గర రాజీ పడదామంటే ఇద్దరికీ నష్టమే.

అదృష్టవశాత్తూ కొన్ని ప్లేయర్ల చేతికి సూదిని మోసే తల విడిగా వస్తుంది. ఒక కడియం లాంటిది తిప్పితే ఊడుతుంది. రెండు తలలు కొనుక్కుంటే ఎవరి సూది వారిది. అర నిమిషం పని, ఆ తర్వాత వెనకున్న బరువుని కాస్త తిప్పి సరిచేసుకోవాలి. పాతకాలపు 78 రికార్డులు ఉన్నవాళ్ళకయితే ఇంకా లావాటి మూడో సూది కావాలి. మాకు ఆ బాధ లేదు.

ఇంకొక్క సంగతి. కొనేటప్పుడు చాలామంది దీని దగ్గరే బోల్తా పడతారు. రికార్డు చెక్కేటప్పుడు మంద్రస్వరాన్ని తగ్గించి, సన్నని స్వరాన్ని పెంచి చెక్కుతారు. మంద్రాన్ని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి బాగా ఊగి, చోటంతా అదే తినేసి, ఒక వైపు పట్టే పాటలు తగ్గిపోతాయి. వినేటప్పుడు దాన్ని తిరగేసి, సూది పుట్టించే కాస్తంత విద్యుత్తుని పెంచి ఇచ్చే యంత్రం వేరే ఉండాలి. కొన్ని ప్లేయర్లలో అది లోపలే ఉంటుంది, వెనకాల చిన్న మీటతో వద్దనుకుంటే ఆపెయ్యొచ్చు. నాకు అది ఉండాలి. వాడి మిక్సరులో వాడిది ఉంది కనుక వాడికి ఆపాలి. ఆ మీట ఉన్నదే కొన్నాం. ఏ కంపెనీదో చెప్పను, ప్రకటన అనుకుంటారు.

వస్తువు ఇంటికొచ్చింది. అసలు కథ అప్పుడు మొదలైంది.

రికార్డులు తుడుస్తూ మావాడు భగవద్గీతని దీపం దగ్గర పెట్టి చూశాడు. "అమ్మా, దీని మీద ఈ గీత ఎవరు పెట్టారు?"

"నేనే" అన్నాను. "ఎనిమిదేళ్ళప్పుడు."

నాన్న సంగతి కొంచెం చెప్పాలి. రాయి కోసే రంపాల మీద నీళ్ళు పోస్తూనే ఉంటారు కానీ, ఆ బురద ఆరితే బూడిద రంగు పిండి లేచి మా వీధి వీధంతా పరుచుకునేది. నాన్న ఇంటికి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చేతులు ఆరేదాకా ఆగి, అప్పుడు రికార్డు తీసేవారు. రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకోవడమే తప్ప, నల్లటి భాగానికి వేలు తగలనిచ్చేవారు కాదు. గాడిలో పడ్డ రాతిపొడిని సూది ఈడ్చుకుపోతే ఏమవుతుందో ఆయనకి తెలుసు. శ్లోకం, వెంట తాత్పర్యం, తలుపు దగ్గరగా వేసి అలా వినేవారు. అట్టలు అందించే ఉద్యోగం నాది. అమ్మకి ఆ గదిలో ఉద్యోగం లేదు. ఆవిడ చేతులెప్పుడూ తడిగానో పిండిగానో ఉండేవి మరి.

ఒకనాటి రాత్రి శ్లోకం మధ్యలో టిక్కుమంది. ఆ ఎల్పీ నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు పైచిలుకు తిరుగుతుంది, గీత పడితే సెకనుంబావు దాటి, రెండు సెకన్లు నిండకముందే మళ్ళీ టిక్కు. నాన్న నా వైపు చూశారు. ఆ వారం నేను దాన్ని ముట్టుకున్న మాట నిజం. కొట్టలేదు, తిట్టలేదు. మర్నాటినుంచి అట్టలు తనే తీసుకున్నారు. ఆ ఉద్యోగం నాకు తిరిగి రాలేదు.

మావాడు విని నవ్వాడు. "అయితే నువ్వు అప్పుడే స్క్రాచింగ్ చేశావన్నమాట!" ఆ విద్య ఎలా పుట్టిందో కూడా చెప్పాడు. 1970ల మధ్యలో న్యూయార్కు బ్రాంక్స్‌లో థియొడోర్ అనే కుర్రాడు గదిలో పెద్దగా పాటలు పెట్టుకుంటే, తల్లి తలుపు దగ్గరికొచ్చి చప్పుడు తగ్గించమని కేకలేసిందిట. ఆవిడ మాట వినడానికి వాడు తిరుగుతున్న రికార్డుని చేత్తో పట్టి ఆపి, అటూ ఇటూ కదిపాడుట. చెవిలో వచ్చిన గరగర బాగుందనిపించి దాన్నే సాధన చేశాడు. ఆయన తర్వాత స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది. నాకు ఆ తల్లి నచ్చింది. ఆవిడ పేరు ఏ డిస్కు అట్ట మీదా వెయ్యరు కాబోలు!

నవ్వుకున్నాను గానీ, "ఘంటసాల మీద చెయ్యి వెయ్యకు" అని గట్టిగా చెప్పాను. "నా ఈల రికార్డు నాకుంది కదమ్మా, తాత రికార్డు ఎందుకు ముట్టుకుంటా?" అన్నాడు. వాడికి నాకన్నా న్యాయం తెలుసు.

తర్వాత చిక్కు అదురుడు. స్పీకరు పెద్దగా మోగితే ఆ వణుకు బల్లలోంచి సూదికెక్కి, సూది నుంచి మళ్ళీ స్పీకరుకెక్కి, గుంయ్‌మని హోరు మొదలవుతుంది. దానికి మందు ప్లేయరు కింద బరువైన రాతి పలక, రాతి కింద మెత్తటి రబ్బరు ముక్కలు. రాయి అంటే వేరే చూడాలా? ఆదివారం రైలెక్కి తాండూరు వెళ్ళాం. నాన్న పనిచేసిన వీధిలోనే రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందం నీలం బండ కోయించాం. ఇరవై కేజీలకి కాస్త తక్కువ తూగింది. తెలిసిన ట్రాలీ ఆటోలో వికారాబాదు పంపించి, ఇంటికి భోజనానికి పోయాం.

అమ్మ తాండూరు కందిపప్పు వండింది. ఆ పప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారని ఆవిడకి చెప్తే, "వాళ్ళియ్యకముందు రుచి లేకుండెనా?" అంది. మావాడు తింటూ తింటూ, "అమ్మమ్మా, తాతకంటే ముందు మీ ఇంట్ల డీజే మా అమ్మే. గీత మీద గీత పెట్టింది" అని అల్లరి చేశాడు.

అమ్మ చారు గిన్నె కింద పెట్టింది. "మీ అమ్మ గాదు. నేను" అంది.

నాకు అర్థం కాలేదు. అమ్మే చెప్పుకొచ్చింది. ఆ మధ్యాహ్నం నేను బడిలో ఉన్నాను. రోజూ తలుపు వేసుకుని వింటాడే, అందులో ఏముంటదో ఒకపారి విందామని పోయిందిట. రికార్డు ప్లేయరు మీదే ఉంది. సూది పెట్టింది. గొంతు వచ్చింది. రెండు మాటలు విన్నదో లేదో గేటు చప్పుడయింది. వచ్చింది పాలవాడే గాని, గాభరాలో సూదిని అడ్డంగా గుంజేసింది.

"మరెందుకు చెప్పలేదమ్మా?"

"నిన్నంటే నాల్గు దినాలకు మర్చిపోతడు. నన్నంటే మర్వడు" అంది. మావాడి విస్తట్లో ఇంకాస్త అన్నం వడ్డించింది.

తిరుగు ప్రయాణంలో ధారూరు స్టేషను దాటేదాకా నాకు కోపంగానే ఉంది. అందరమూ అనుకునే మాటే నేనూ అనుకున్నాను: తల్లి బిడ్డని కాపాడాలి, బిడ్డ వెనకాల దాక్కోకూడదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఉద్యోగం ఊడగొట్టి ముప్ఫై ఆరేళ్ళు నోరు విప్పకపోవడం చిన్న తప్పేమీ కాదు. తర్వాత ఇంకో వైపు నుంచి చూశాను. సొంత ఇంట్లో, సొంత పెనిమిటి సొత్తు మీద, పట్టపగలు రెండు మాటలు వినడానికి దొంగలా వెళ్ళవలసి రావడం ఎవరి తప్పు? నాన్న చెడ్డవారు కారు. దుమ్ము నిజం, సూది నిజం, ఆయన జాగ్రత్తకి కారణం ఉంది. ఆ కారణం చాటున అమ్మ పాతికేళ్ళు తలుపవతల ఉండిపోయింది. ఆ రోజుల్లో 'ఇద్దరికీ సరిపోయేది' అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. అననందుకు మా వారిని మనసులోనే కాస్త మెచ్చుకున్నాను. వికారాబాదు వచ్చేసరికి నా కోపం ఎవరి మీద అనేది తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

బండ బిగించాం. గోడకి చీటీ అతికించాం: 'అమ్మ – 2, నేను – 3.5'. పగలు వాడు, సాయంత్రం నేను. రాత్రి పది దాటాక పెద్ద చప్పుడు కూడదని 2000 సంవత్సరపు నిబంధనలు దేశమంతటికీ చెప్పాయి. మా ఇంట్లో తొమ్మిదికే అన్నాను. వాడు గొణిగాడు గానీ హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. ఒకసారి వాడి సూది మార్చడం మర్చిపోయి నా సుబ్బులక్ష్మిని పెట్టేసి, ఎందుకో గొంతు మొద్దుబారినట్టుందే అనుకున్నాను. ఒకసారి వాడు నా సూదితో గరగరలాడించబోతే, నేను కేకేసిన కేకకి ఆ థియొడోర్ తల్లి కూడా నన్ను మెచ్చుకునేది.

సంక్రాంతికి అమ్మ వచ్చింది. భోగినాడు పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి, లోపలికొచ్చి పెట్టె ముందు కూచుంది. ఒక్కొక్క అట్టా తీసి చూస్తోంది. చదవడం వచ్చినావిడే, ఇన్నేళ్ళకి మొదటిసారి ఆ పేర్లు చదువుతోంది. శంకరాభరణం తీసి పక్కన పెట్టింది. వేళ్ళకి తెల్లగా ముగ్గుపిండి అలాగే ఉంది. 'చేతులు కడుక్కో' అనే మాట నా నాలుక దాకా వచ్చింది. అది నాన్న గొంతులా ఉందనిపించి మింగేశాను.

అమ్మ కొంగుకి వేళ్ళు తుడుచుకుంది. మావాడు చీటీ చూసి రెండు గ్రాములకి తిప్పి పెట్టాడు. సూది తాను దించుతానని చెయ్యి చాపాడు.

"జరుగు, నేనే పెడ్త" అంది.

చెయ్యి వణికింది. సూది రికార్డు మొదట్లో కాకుండా ఎక్కడో మధ్యలో దిగి, పాట సగంలోంచి మొదలయింది. మావాడు మళ్ళీ మొదటికి పెట్టబోయాడు. అమ్మ వాడి మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఉండనీ. గట్లనే ఇంటా."